కీబోర్డు పాడై పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోయారా? ఫార్మాట్‌కి ఒప్పుకోకండి

ల్యాప్‌టాప్‌లో కొన్ని మీటలు పనిచేయక పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయానని, షాపతను అంతా చెరిపేసి ఫార్మాట్ చేయాలంటున్నాడని, ఏం చేయమంటారని అడిగారు. ముందు ఆ ల్యాప్‌టాప్‌ని షాపులోంచి ఇంటికి తెచ్చేసుకోండి.

రెండేళ్ల కిందట మా నాన్నగారికి అచ్చం ఇదే జరిగింది. తెనాలిలో ఉంటారు, రిటైరైన తెలుగు మాస్టారు. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రైతుల దగ్గర పొలం పనుల మాటలు, సామెతలు రాసుకొచ్చి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటారు. నాలుగేళ్ల కష్టం అది. ఒకరోజు కీబోర్డు మీద కాఫీ ఒలికింది. ఆరబెట్టాక కంప్యూటర్ ఆన్ అయింది గానీ ఏ, ఎస్, 2 మీటలు చచ్చిపోయాయి. పాస్‌వర్డులో ఆ మూడూ కావాలి. షాపతను రెండు నిమిషాలు చూసి, "విండోస్ పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి. డేటాకి గ్యారంటీ లేదు" అన్నాడట. పోయింది కీబోర్డు, విండోస్ కాదు! ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాను.

"నాన్నా, పాస్‌వర్డ్ అడిగే చోట, కింద కుడివైపు మూలన చిన్న బొమ్మలు ఉన్నాయా?"

"వైఫైది ఉంది. ఆపేసేది ఉంది. మధ్యలో చేతులు చాపిన మనిషి ఉన్నాడు."

"ఆ మనిషినే నొక్కండి. వచ్చిన వరసలో ఆన్‌స్క్రీన్ కీబోర్డు అని ఉంటుంది, అది ఆన్ చేయండి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వచ్చిందమ్మా, కానీ అన్నీ తెలుగు అక్షరాలే. ప, ర, క, త... ఇంగ్లీషు లేదు" అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

ఆయన ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే తెలుగు అక్షరాలు నేరుగా మీటలకే ఉండే అమరికలో, టైపు చేస్తారు. అందులో హెచ్, జె, కె, ఎల్ ఉండే చోట ప, ర, క, త ఉంటాయి. భాష తెలుగులో ఉండిపోతే తెర మీది కీబోర్డు కూడా తెలుగే చూపిస్తుంది. మన తెలుగువాళ్లకి వచ్చే చిక్కు ఇదే, ఎవరూ చెప్పరు. అదే మూలన భాష పేరు ఉంటుంది, దాన్ని నొక్కి ఇంగ్లీషుకి మార్చాలి. మార్చాక ఒక్కో అక్షరం మౌసుతో నొక్కించాను. ఎట్ గుర్తు కోసం ముందు షిఫ్ట్ నొక్కి వదిలేసి, తర్వాత 2 నొక్కితే చాలు. పాస్‌వర్డ్ పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి సరిచూసుకోమన్నాను. రెండోసారికి తెరుచుకుంది. "ఉన్నాయమ్మా, అన్నీ ఉన్నాయి" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇదంతా విండోస్ 11లో. మీది విండోస్ 10 అయితే మనిషి బొమ్మ ఉండదు, చుక్కల గీతల గుండ్రంలో బాణాలుంటాయి. విండోస్‌కి బదులు ఉబుంటు వాడేవాళ్లకి మనిషి బొమ్మ సాధారణంగా పైన కుడివైపు ఉంటుంది. అయితే ఏదైనా మీట ఇరుక్కుపోయి పాస్‌వర్డ్ గడిలో అదే అక్షరం వరసగా పడిపోతుంటే ఇది పనిచేయదు, ముందు ఆ మీట సంగతి చూడాలి. విండోస్ రాకముందే అడిగే బయోస్ పాస్‌వర్డ్ దగ్గర, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెలు అడిగే నీలం తెర దగ్గర మామూలు ల్యాప్‌టాప్‌లో ఈ బొమ్మ కనిపించదు. అక్కడ యూఎస్‌బీ కీబోర్డు పెట్టాల్సిందే. అందరూ మొదటే యూఎస్‌బీ కీబోర్డు కొనుక్కోమని సలహా ఇస్తారు. రాత్రి పదింటికి ఎక్కడ కొంటారు?

అసలు ఆ తెర మీది కీబోర్డు అక్కడ పెట్టింది చేతులు సరిగా ఆడనివాళ్ల కోసం. దాని ఆప్షన్స్‌లో ఒకటుంది, మౌసుని అక్షరం మీద కాసేపు నిలిపితే చాలు, నొక్కకుండానే పడుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లకి, చేతులు వణికే పెద్దలకి ఎంత ఉపయోగం! మన ఊళ్లలో కంప్యూటర్ కోర్సుల్లో ఎక్సెల్, ట్యాలీ నెలల తరబడి చెబుతారు, దీన్ని ఒక్క పూట కూడా చూపించరు. రిపేరు నేర్పేచోటా చెప్పరు. షాపుల్లో చేసే ఫార్మాట్లలో సగం అనవసరమైనవే అని నా గట్టి నమ్మకం.

నాన్నగారి ల్యాప్‌టాప్‌కి కీబోర్డు విడిగా ఊడిరాదు, పై భాగమంతా మార్చాలి. అది తెప్పించడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆయన తెర మీది కీబోర్డునే తెలుగుకి మార్చుకుని, మౌసుతో ఒక్కో అక్షరం నొక్కుతూ సామెతలు ఎక్కించారు.