గేమ్ మధ్యలో పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, ఎస్‌ఎంపీఎస్ మార్చేయమంటారా?

వద్దండీ, ఎస్‌ఎంపీఎస్‌ని, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే ఆ పెట్టెని, ఇప్పుడే మార్చకండి. మీరు రాసింది చదువుతుంటే రెండేళ్ల కిందట నేను పడ్డ అవస్థ మళ్ళీ కళ్ళముందు కనిపించింది. మీదీ నాలాగే భాగాలన్నీ ఏరి కొనుక్కుని సొంతంగా బిగించుకున్న పీసీ. ఒకరోజు పది నిమిషాలకే, ఇంకోరోజు మూడు గంటలు ఆడాక ఉన్నట్టుండి రీస్టార్ట్. టెంపరేచర్లు బాగానే ఉన్నాయి, ర్యామ్ టెస్ట్ పాసైంది, బ్లూ స్క్రీన్ అసలు రాదు. అడిగినవాళ్ళందరూ ఎస్‌ఎంపీఎస్ పోయిందంటున్నారు. నాకూ అదే చెప్పారు. నేను మార్చాను కూడా. రీస్టార్టులు మాత్రం ఆగలేదు.

మీరు ఒక్క సంగతి రాయలేదు. స్క్రీన్ నల్లబడిన ఆ క్షణంలో లోపల ఫ్యాన్లు ఆగుతున్నాయా, తిరుగుతూనే ఉన్నాయా? మీకు సలహా ఇచ్చినవాళ్ళెవరూ ఇది అడిగినట్టు లేరు. ఏడు వారాల పాటు నన్నూ ఎవరూ అడగలేదు.

నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ స్టిక్స్ రెండు, పక్కన గాజు పలక ఉన్న క్యాబినెట్. మొదటి రెండు నెలలూ ఏ గోలా లేకుండా నడిచింది. తర్వాత మొదలైంది. విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్ 41. మీరూ అదే చూసి ఉంటారు. ‘పవర్’ అనే మాట కనబడగానే అందరూ ఎస్‌ఎంపీఎస్ మీద పడతారు. అసలు ఆ 41 చెప్పేది ఒక్కటే: పోయినసారి విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని. అది రాసేది కూడా తిరిగి లేచాకే. కరెంటు పోయినా అదే వస్తుంది, మీరు చేత్తో రీసెట్ నొక్కినా అదే వస్తుంది. దాని వివరాల్లోకి వెళ్తే బగ్‌చెక్ కోడ్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ 0 ఉంటే విండోస్‌కి తను ఎలా పోయిందో రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. నాకు ప్రతిసారీ 0.

అయినా వరసగా అన్నీ చేశాను. విండోస్ ఫార్మాట్ చేశాను. గ్రాఫిక్స్ డ్రైవర్‌ని డీడీయూ అనే టూల్‌తో పూర్తిగా తుడిచేసి కొత్తది వేశాను. ర్యామ్ 3600 వేగంతో నడిచే రకం, ఈ ప్రాసెసర్‌కి కంపెనీ అధికారికంగా చెప్పే వేగం 3200. కాబట్టి ర్యామ్‌ని ఆ ఎక్కువ వేగంతో నడిపించే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ తీసేసి పది రోజులు మందకొడిగానే నడిపాను. స్టిక్స్ ఒక్కొక్కటే పెట్టి చూశాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ఒక రాత్రి, ప్రాసెసర్‌ని అదేపనిగా పనిచేయించే ప్రైమ్95 ఇంకో రాత్రి, రెండూ పాస్. గ్రాఫిక్స్ కార్డుని సర్వీస్ సెంటర్‌కి పంపితే పందొమ్మిది రోజులు అట్టేపెట్టుకుని, లోపమేమీ లేదని ఒక చీటీ పెట్టి పంపారు. ఏం పరీక్షించారో, ఎంతసేపు పరీక్షించారో ఆ చీటీలో ఒక్క ముక్క లేదు. అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. పందొమ్మిది రోజులు మనిషిని ఎదురుచూడమన్నవాళ్ళు రెండు వాక్యాలు రాయలేరా?

ఆ తర్వాతే ఎస్‌ఎంపీఎస్ మార్చాను. (ఇక్కడే ఒక మాట. మీరు ఎప్పుడైనా ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పాత కేబుళ్ళు వదిలేసి కొత్తదానితో వచ్చినవే వాడండి. ఊడదీసే కేబుళ్ళు ఉన్న రకాల్లో ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉండొచ్చు. ప్లగ్ చక్కగా దూరుతుంది, ఆన్ చేయగానే హార్డ్ డిస్కో మదర్‌బోర్డో కాలిపోవచ్చు. ఈ హెచ్చరిక ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.) కొత్తది పెట్టిన మూడో రోజు రాత్రి మళ్ళీ రీస్టార్ట్.

నన్ను బాగా దారి తప్పించింది ఆ తర్వాత జరిగింది. దుమ్ము దులుపుదామని రెండు వైపులా పలకలు తీసి, బద్ధకించి రెండు రోజులు అలాగే వదిలేసి ఆడాను. ఒక్కసారి కూడా పోలేదు. దొరికింది, వేడే కారణం అనుకున్నాను. ఇంకో రెండు ఫ్యాన్లు కొని బిగించి పలకలు మూశాను. అంతకుముందు రోజుకి ఒకసారి పోయేది, ఇప్పుడు మూడుసార్లు పోవడం మొదలుపెట్టింది.

నిజానికి వేడి సంగతి నేను అప్పుడే ఆలోచించాల్సింది. ఈ కాలపు ప్రాసెసర్ వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే మొత్తం ఆరిపోతుంది. చల్లగా ఉన్నదల్లా ఉన్నట్టుండి రీస్టార్ట్ అయి, వెంటనే లేచి లోగో చూపించడం వేడి పని కానే కాదు.

అసలు కారణాన్ని పట్టింది మా తమ్ముడు. సెలవులకి వచ్చాడు. నేను ఆడుతుంటే వాడు క్యాబినెట్ పక్కనే కింద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. వాడి మొహానికి సరిగ్గా ఎదురుగా వెనక ఫ్యాను. స్క్రీన్ నల్లబడింది. నేను తల పట్టుకున్నాను. వాడు ఫోన్ దించి అన్నాడు: “అక్కా, ఫ్యాన్ ఆగలేదే.”

“ఏ ఫ్యాను?”

“ఇదే, వెనకది. కరెంటు ఆగితే ఇదీ ఆగాలి కదా. ఆగలేదు, పైగా జోరందుకుంది.”

ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి కట్ చేస్తే అన్నీ ఆగుతాయి. చాలాసార్లు లోపల టక్కుమని చప్పుడు కూడా వస్తుంది. కొన్నయితే వెనక స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే గానీ లేవవు. నా పీసీకి కరెంటు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఫ్యాను జోరందుకోవడం కూడా సరిపోయింది, ఎందుకంటే రీసెట్ అయ్యాక మదర్‌బోర్డులోని బయోస్ ప్రోగ్రామ్ పగ్గాలు పట్టుకునేదాకా ఫ్యాన్లు కాసేపు పూర్తి వేగంతో తిరగడం మామూలే. అంటే ఎవరో రీసెట్ నొక్కినట్టే జరుగుతోంది.

క్యాబినెట్ ముందు బటన్ల నుంచి మదర్‌బోర్డు కింది మూలకి వచ్చే సన్నటి వైర్లు తెలుసుగా, బిగించేటప్పుడు అందరం విసుక్కునేవి. అందులో రెండు పిన్నుల చిన్న నల్ల కనెక్టర్, మీద రీసెట్ అని రాసి ఉంటుంది. అది ఒక్కటి లాగేశాను. ఆ రాత్రి నాలుగు గంటలు ఆడాం. మర్నాడూ, ఆ తర్వాతి రోజూ. ఏమీ కాలేదు.

మూడో రోజు వెనక పలక తీసి ఆ వైరు వెంట వేలు పెట్టి వెతుక్కుంటూ వెళ్ళాను. హార్డ్ డిస్క్ అరకి రేకు అంచు ఒకటి ఉంది. దాని మీదుగా ఈ వైరు, దాని మీద మదర్‌బోర్డుకి కరెంటు తెచ్చే, బొటనవేలంత లావున్న 24 పిన్నుల కేబుల్, ఆ మొత్తాన్ని నొక్కుతూ వెనక పలక. రేకు అంచు తగిలినచోట వైరు పై తొడుగు తెగి, నువ్వుగింజంత మేర రాగి మెరుస్తోంది. కనెక్టర్ మళ్ళీ పెట్టి, పలక మూసి, పీసీ ఆన్ చేసి, పలక మీద వేలి కణుపుతో ఒక్కటి తట్టాను. స్క్రీన్ నల్లబడింది. లోగో వచ్చింది. మళ్ళీ తట్టాను, మళ్ళీ లోగో. మా తమ్ముడు గట్టిగా అరిచాడు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఎందుకలా అంటే, రీసెట్ బటన్ చేసే పని రెండు పిన్నుల్నీ ఒక్క క్షణం కలపడమే. ఆ రెండిట్లో ఒకటి గ్రౌండ్. క్యాబినెట్ రేకంతా గ్రౌండే. కాబట్టి రెండో వైరు రాగి రేకుకి తాకితే చాలు, బటన్ నొక్కినట్టే. పలకలు తీసినప్పుడు నొక్కుడు లేదు గనక ఏమీ కాలేదు. కొత్త ఫ్యాన్లతో అదురు పెరిగింది గనక ఎక్కువసార్లు పోయింది. మరి రాత్రంతా ప్రైమ్95 ఎందుకు పాసైంది? ఆ టెస్టులో లోడు ఒకే తీరున ఉంటుంది, ఫ్యాను ఒకే వేగంలో స్థిరపడిపోతుంది. గేమ్‌లో అలా కాదు, ఒక గదిలోంచి బయటికి వస్తే చాలు ఫ్యాన్ల వేగం పైకీ కిందికీ మారుతూనే ఉంటుంది. ఆ మార్పుల్లో ఏదో ఒక వేగం దగ్గర రేకు అదురుతుంది, వైరు తాకుతుంది. అందుకే ‘టెస్ట్ పాసైంది, కాబట్టి అది బాగానే ఉంది’ అనే మాట నేనిక నమ్మను. నిజంగా ఎస్‌ఎంపీఎస్ చెడినా ఇదే కథ. గ్రాఫిక్స్ కార్డు కొన్ని మైక్రోసెకన్ల పాటు తన మామూలు వాడకానికి మించి గుంజే కుదుపుల దగ్గరే అది తట్టుకోలేక పడిపోతుంది, స్థిరమైన లోడుకి చక్కగా నిలబడుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ల కోసం 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం అలాంటి కుదుపుల్ని తట్టుకోవాలనే నిబంధన పెట్టింది.

ఈ వైర్లన్నీ వెనక్కి కుక్కేసి, ముందు నుంచి అద్దంలా కనిపించేలా ఫొటోలు పెట్టే పద్ధతి మీద నాకు అప్పటినుంచీ గౌరవం పోయింది. గాజు పలక వైపు ఒక్క వైరూ కనబడదు, వెనక పలకని మోకాలితో నొక్కి స్క్రూ బిగిస్తారు. నేనూ అలాగే బిగించాను. గాలి ఆడటానికి వైర్లు సర్దడం వేరు, ఫొటో కోసం వాటిని రేకు అంచుల మీద నలగ్గొట్టడం వేరు. వెనక పలక చేత్తో ఆనిస్తే మూసుకోవాలి. మూసుకోకపోతే విప్పి మళ్ళీ సర్దండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ఆ ఏడు వారాల్లో నాలాంటి సమస్యే రాసుకున్నవాళ్ళవి వందల ప్రశ్నలు చదివాను. సగానికి సగం చివర్లో ‘సాల్వ్ అయింది, థాంక్స్’ అని ఉంటుంది. ఎలా సాల్వ్ అయిందో ఉండదు. అదే బాధతో అర్ధరాత్రి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఆ ఒక్క వాక్యం ఎంత అవసరమో వాళ్ళకి తట్టదా?

సరే, మీ దగ్గరికి వస్తాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉండి వెంటనే లోగో వస్తుంటే, వేరే ఏం ముట్టుకోకముందు రీసెట్ కనెక్టర్ తీసేయండి. పైసా ఖర్చు లేదు, అర నిమిషం పని. పవర్ బటన్ వైరు ఉండనివ్వండి. అది రేకుకి తాకితే విండోస్ మామూలుగానే షట్‌డౌనో స్లీపో అవుతుంది, ఇలా పోదు. ఈవెంట్ వ్యూయర్‌లో 41 పక్కనే వీయా-లాగర్ (WHEA-Logger) 18 కూడా కనబడితే మాత్రం కథ వేరు. అది ప్రాసెసర్ తనే చెప్పుకున్న హార్డ్‌వేర్ తప్పు. అప్పుడు బయోస్ పూర్తిగా డీఫాల్ట్‌కి తెచ్చి, ఎక్స్‌ఎంపీ, వోల్టేజి తగ్గించే అండర్‌వోల్ట్, వేగం పెంచే ఓవర్‌క్లాక్ అన్నీ తీసేసి చూడాలి. మీది ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే బయోస్ అప్‌డేట్ తప్పనిసరి. వాటిలో వోల్టేజి వల్ల చిప్ అరిగిపోయే లోపం ఉందని 2024లో ఇంటెలే ఒప్పుకుని, వారంటీని రెండేళ్ళు పెంచింది. అప్‌డేట్‌తో ఇకపై జరిగే నష్టం తగ్గుతుందే గానీ, అప్పటికే అరిగిన చిప్ బాగుపడదు. దాన్ని మార్పించుకోవాల్సిందే.

స్క్రీన్ మాత్రమే నల్లబడి గేమ్ శబ్దం వస్తూనే ఉంటే గ్రాఫిక్స్ కార్డూ డ్రైవరూ చూడండి. ఫ్యాన్లతో సహా అన్నీ ఆగిపోతే అప్పుడు ఎస్‌ఎంపీఎస్. అప్పుడు కూడా కొనేముందు, గ్రాఫిక్స్ కార్డులోని రెండు సాకెట్లకీ ఒకే కేబుల్ నుంచి చీలిన రెండు కొసలు పెట్టారేమో చూసి, విడివిడి కేబుళ్ళు వేయండి. ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది తేదీతో సహా కాగితం మీద రాసుకోండి. నేను ర్యామ్, డ్రైవర్ ఒకే రోజు మార్చి, ఏ మార్పు ఏం చేసిందో తెలియక ఒక వారం పోగొట్టుకున్నాను.

ఫ్యాన్ల సంగతి చూసి ఇక్కడే రాయండి. రాత్రి లైటు తీసేసి, ఫోన్ వీడియో ఆన్ చేసి వెనక ఫ్యాను ఎదురుగా పెట్టి ఆడితే చాలు, దొరికిపోతుంది. నా పీసీలో ఆ రీసెట్ కనెక్టర్ మళ్ళీ తగిలించలేదు. కొసకి టేపు చుట్టి క్యాబినెట్ అడుగున వదిలేశాను. ఈ రెండేళ్ళలో దాని అవసరం ఒక్కసారి కూడా పడలేదు.