చలి ముచ్చట్లు: మీరడిగినవి, నేను చెప్పేవి

పోయిన నెల ఈ పేజీలో మా ఆదిలాబాద్ చలి గురించి ఊరికే రెండు ముక్కలు రాశా, అంతే, ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వరసపెట్టి వచ్చాయి. అందరికీ చిన్నప్పటి చలి ఒకటి దాచిపెట్టుకున్నట్టే ఉంది. అన్నిటికీ జవాబు రాయలేను గానీ, పదిమందికి పనికొచ్చేవి ఏరి పెడుతున్నా.

అక్కా, నేను జగిత్యాల దగ్గర పల్లెలో పెరిగాను, ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నాం. అప్పటి చలి ఇప్పుడు లేదు అంటే మా ఆయన నవ్వుతాడు, చిన్నప్పుడు అన్నీ పెద్దగానే కనిపిస్తాయిలే అంటాడు. ఎవరిది కరెక్ట్?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

ఇద్దరిదీ కరెక్టే అని తప్పించుకోను చెల్లీ, నీదే ఎక్కువ కరెక్ట్. మొదటిది, పిల్లలకి నిజంగానే చలి ఎక్కువేస్తుంది, ఒంటి బరువుతో పోల్చుకుంటే చర్మం ఎక్కువ కాబట్టి వేడి తొందరగా పోతుంది. దానికి తోడు మనం వేసుకున్నదేంటి? ఒక గౌను, మగపిల్లలకైతే మోకాళ్ల పైకి నిక్కరు, కాళ్లకి చెప్పులుంటే ఉన్నట్టు లేకుంటే లేదు. స్వెట్టర్ అంటే పెద్దోడిది చిన్నోడికి, చిన్నోడిది ఇంకా చిన్నోడికి, మోచేతుల దగ్గర ఊడిపోయి. రెండోది, నువ్వు అప్పుడున్నది పల్లె, ఇప్పుడున్నది సిటీ. పగలంతా ఎండని మింగిన సిమెంటు, తారురోడ్లు రాత్రంతా ఆ వేడిని వదుల్తూనే ఉంటాయి, అందుకే ఒకే రాత్రి సిటీ మధ్యలో బేగంపేటలో ఒక లెక్క, శివారున పటాన్‌చెరు దిక్కు ఇంకో లెక్క, మధ్యలో కొన్ని డిగ్రీలు తేడా. హైదరాబాద్‌లో రికార్డు చలి 1946 జనవరి 8న, 6.1 డిగ్రీలు. అప్పటి ఊరు ఎంత, ఇప్పటిది ఎంత!

కానీ నా లెక్కలో అసలు సంగతి ఇల్లు. మన ఇళ్లు మే నెల కోసం కట్టినవి. ఎత్తు కప్పు, గోడకి పైన వెంటిలేటర్లు, పెంకుల సందుల్లోంచి చుక్కలు కనపడేవి, కింద బండలు. ఎండాకాలం ఆ బండల మీద పడుకుంటే ప్రాణం లేచొచ్చేది, అవే బండలు పుష్యమాసంలో పొద్దున్నే కాలు పెడితే జివ్వున లాగేవి. బయట ఎంత చలో ఇంట్లోనూ అంతే, కాకపోతే గాలి కాస్త తక్కువ. కాబట్టి వెచ్చగా ఉండటం అనేది ఇంటి పని కాదు, మన పని. బొంత కింద నలుగురం పిల్లలం పడుకుంటే మధ్యలో వాళ్లు మహారాజులు, చివర వాళ్లు తెల్లారేదాకా గుంజుకోవడమే. బొంతంటే మా అమ్మమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టేది, ఆ పొరల మధ్య గాలి ఇరుక్కుని ఉంటుంది కదా, చలిని ఆపేది ఆ గాలే, బట్ట కాదు. అందుకే ఉతికి ఉతికి అణిగిపోయిన బొంతకి వెచ్చదనం ఉండదు, అమ్మమ్మ పైన ఇంకో చీర వేసి మళ్లీ కుట్టేది.

ఇక వాకిట్లో మంట. మా దిక్కు పత్తి ఎక్కువ, పోయినేటి పత్తికట్టె వాకిట్లో కుప్ప పడుండేది, అది భగ్గున లేస్తుంది, అంతలోనే ఆరిపోతుంది, అందుకని తాత ఒక మోదుగు మొద్దో తుమ్మ మొద్దో కింద పెట్టేవాడు. ముందు వైపు కాలిపోతుంటే వీపు వణుకుతుంటుంది, వీపు తిప్పితే ముక్కు వణుకుతుంది. ఆ మంట పక్కనే కొబ్బరినూనె డబ్బా. 24 డిగ్రీల కిందికి పోతే గడ్డకట్టేస్తుంది కాబట్టి ఆ నాలుగు నెలలూ అది గడ్డే, డబ్బా కాస్త కాగాక వేలితో తవ్వుకుని, పగిలిన పెదాలకి, చెంపలకి, మడమలకి అన్నిటికీ అదే. మా ఆయన సిటీ మనిషి, ఇవన్నీ కథలనుకుంటాడు, మీ ఆయన కూడా అదే బ్యాచ్ అనుకుంటా.

అక్కా, మాది నిర్మల్, ఇప్పుడు చికాగోలో ఉంటున్నా. ఇక్కడ మైనస్ 20 చూశాను గానీ, ఊళ్లో 8 డిగ్రీలకి వణికినట్టు ఇక్కడ వణకలేదు. ఫ్రెండ్స్‌కి చెప్తే నమ్మట్లేదు.
(ఒక పాఠకుడు)

నేను నమ్ముతా తమ్ముడూ, పై జవాబు చదువు, సగం అక్కడే ఉంది. అక్కడ గోడల్లో దూది లాంటి పొర కూరి, అద్దాలు రెండేసి వేసి, ఇల్లంతా 21, 22 డిగ్రీల మీద హీటింగ్ పెట్టుకుంటారు, నువ్వు మైనస్ 20లో ఉండేది ఇంట్లోంచి కారు దాకా, కారులోంచి ఆఫీస్ దాకా. మన దగ్గర 8 డిగ్రీలంటే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా 8, 10, 12 మధ్యే నీ మంచం, నీ కంచం, నీ బాత్రూం. తప్పించుకునే జాగా లేదు. కానీ దాన్ని చూసుకుని అక్కడి చలితో ఆటలొద్దు. 2019 జనవరి 30న మీ ఊళ్లోనే మైనస్ 30 తాకింది, అలాంటి రోజున గాలి కూడా తోడైతే చేతికి గ్లవ్స్ లేకుండా కొన్ని నిమిషాలుంటే చాలు, చర్మం గడ్డకట్టి చచ్చుబడుతుంది. మన చలి ఏడిపిస్తుంది, అది వేళ్లు తీసుకుపోతుంది.

ఇంకో మాట అడిగావు, ఆదిలాబాద్‌కే ఎందుకంత చలి అని. ఎత్తు లెక్కన చూస్తే ఆదిలాబాద్ హైదరాబాద్ కంటే కిందే ఉంది. కానీ తెలంగాణకి ఉత్తరపు కొస, సముద్రానికి దూరం, ఉత్తరాది నుంచి దిగే పొడిగాలి ముందు మనకే తగుల్తుంది. పైగా చలికాలం ఆకాశం తేటగా ఉంటుంది, మబ్బుంటే పగటి వేడిని కాస్త ఆపుతుంది, లేకపోతే నేల వేడంతా పైకే. చల్లగాలి బరువు కాబట్టి గుట్టల మీంచి జారి లోయల్లో చేరుతుంది, సిర్పూర్(యు), తిర్యాణి దిక్కు పేపర్లో ఎప్పుడూ తక్కువ డిగ్రీలు చూపించేది అందుకే. అలాంటి చలిలోనే గోండుల్లో మెస్రం వంశం వాళ్లు కాలినడకన పోయి గోదారి నీళ్లు తెచ్చి, కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద ఉండి, పుష్య అమావాస్య రాత్రి వాళ్ల నాగదేవుడు నాగోబాకి పూజ చేస్తారు. ఒకసారి జాతరకి పోయి చూడు, ఎడ్లబండ్ల మధ్య ఎక్కడికక్కడ మంటలు, పసిపిల్లలతో సహా అందరూ ఆరుబయటే.

అక్కా, మా కోడలు డెలివరీ అయి ఇరవై రోజులైంది. మా ఇళ్లల్లో బాలింత గదిలో కుంపటి పెట్టడం ఆనవాయితీ. మా అబ్బాయి వద్దని గొడవ. మా అమ్మ, మా అత్త అందరూ పెట్టినవాళ్లే, మాకేం కాలేదుగా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

వదినా, ఈ ఒక్క విషయంలో మీ అబ్బాయి మాట వినండి, ఈ రోజే ఆ కుంపటి బయట పెట్టేయండి. మీకేం కాలేదు, ఎందుకంటే మీ అత్తగారి ఇల్లు పెంకుటిల్లు అయ్యుంటుంది. పెంకుల సందుల్లోంచి, వెంటిలేటర్లోంచి, తలుపు కింద ఖాళీలోంచి గాలి ఆడుతూనే ఉండేది. మనం చలి చలి అని తిట్టుకున్న ఆ సందులే ఆ రోజు మనల్ని బతికించినవి. ఇప్పుడు ఫ్లాట్‌లో స్లైడింగ్ కిటికీ మూసి, కర్టెన్ లాగి, తలుపు కింద గుడ్డ పెట్టి, లోపల బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాస్ నిండుతుంది. వాసన ఉండదు, రంగుండదు, దగ్గు కూడా రాదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టు ఉండటం, ఆ మగతలోనే ప్రాణం పోతుంది. నిప్పు మీద బూడిద కప్పితే మంచిదనుకుంటారు కొందరు, అది ఇంకా ప్రమాదం, గాలి చాలక మండే నిప్పే ఆ గ్యాస్ ఎక్కువ వదిలేది. బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టి కిటికీ మూసుకుని స్నానం చేసేవాళ్లకీ ఇదే మాట.

పాపకి వెచ్చదనం కావాలంటే తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టుకుని పాలివ్వడం కంటే మించింది లేదు. మీకు రెండు పొరలు వేసుకోవాలనిపిస్తే పాపకి మూడు వేయండి, మందపాటి రగ్గు మాత్రం మొహం దాకా కప్పొద్దు, వేడినీళ్ల బ్యాగు ఒంటికి తగలనివ్వొద్దు. మరీ కావాలంటే ఆయిల్ హీటర్, అందులో నిప్పుండదు. కుంపటి వాకిట్లో పెట్టుకోండి, మీరూ నేనూ కూర్చుని మాట్లాడుకుందాం.

అమ్మాయ్, రిటైర్డ్ మాస్టారిని. చలికి రెండు చెంచాల బ్రాందీ ఒంటికి మంచిదని మా రోజుల్లో పిల్లలక్కూడా పట్టేవారు. ఇప్పుడెవరూ ఒప్పుకోరేం?
(రాజమండ్రి)

బాబాయ్ గారూ, పిల్లలకైతే చుక్క కూడా వద్దు, షుగర్ పడిపోయి ఫిట్స్ దాకా పోవచ్చు. పెద్దవాళ్లకి కూడా అది వెచ్చగా అనిపించడమే తప్ప వెచ్చదనం కాదు, చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతుంది. మీకు వేరే కారణం ఉంటే ఆ కారణం చెప్పుకుని తాగండి, చలి మీద పెట్టొద్దు.

మేడం, సంక్రాంతికి లంబసింగి వెళ్తున్నాం, అక్కడ స్నో పడుతుందా? పిల్లలు అడుగుతున్నారు.
(విజయవాడ)

పడదమ్మా. సుమారు 1000 మీటర్ల ఎత్తున్న ఊరు, పొద్దున్నే కమ్ముకునేది పొగమంచు, బాగా చలి పడిన రోజు గడ్డి మీద, బండి సీటు మీద తెల్లగా పేరుకునేది గడ్డకట్టిన మంచుబిందువులు. ఎండ రాగానే పోతుంది, అందుకే తెల్లారకముందే లేవాలి. ఒక లావు జాకెట్ కంటే పల్చటివి రెండు మూడు వేసుకుంటే నయం, ఎండెక్కాక ఒక్కొక్కటీ తీసేయొచ్చు.

అక్కా, నేను టీచర్‌ని. మేం కొందరం కలిసి ఏజెన్సీ హాస్టల్ పిల్లలకి దుప్పట్లు ఇద్దామనుకుంటున్నాం. ఎలాంటివి కొనమంటారు?
(ఆసిఫాబాద్)

దుప్పట్ల కంటే ముందు కిందకి ఏమైనా కొనండి. నేనూ హాస్టల్‌లో చదివినదాన్నే, ఎక్కడో పేరెందుకులే, అక్కడ దుప్పట్లు సంక్రాంతి దాటాక వచ్చేవి, వచ్చినవి కప్పుకున్నా వణుకు ఆగేది కాదు. ఎందుకంటే చలి పైనుంచి కాదు, కింద బండల్లోంచి వస్తుంది, ఒక్క చాప మీద పడుకుంటే ఒంట్లో వేడంతా ఆ బండ తాగేస్తుంది. మేమేం చేసేవాళ్లమంటే, ఇద్దరం కలిసి ఒకరి దుప్పటి కింద పరిచి ఒకరిది కప్పుకునేవాళ్లం, బియ్యం గోనెసంచులు దొరికితే ఇంకా పండగ. దానాలిచ్చేవాళ్లందరూ పైకే ఇస్తారు, ఫొటోలో దుప్పటి బాగా కనపడుతుంది మరి. మీరు మందపాటి ఫోమ్ షీట్లో, పరుపులో కొనండి, మిగిలిన డబ్బుతో సాక్సులు, మంకీ క్యాపులు. ఇచ్చేది దీపావళికే ఇచ్చేయండి. వీలైతే వార్డెన్‌తో మాట్లాడి స్నానానికి వేడినీళ్ల సంగతి కూడా కదపండి, పొద్దున అయిదింటికి ట్యాంకు కింద చన్నీళ్ల స్నానం చేయించడం క్రమశిక్షణ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

మా నాయనమ్మ గొంగడి నాకొచ్చింది. బాగా గుచ్చుకుంటోంది, వాషింగ్ మెషీన్‌లో వేస్తే మెత్తబడుతుందా?
(సిద్దిపేట)

అయ్యో, ఆ పని మాత్రం చేయకు! వేడినీళ్లలో తిప్పితే ఉన్ని ముడుచుకుపోయి చాపంత గొంగడి తువ్వాలంత అవుతుంది. అది దక్కను గొర్రె ఉన్ని, ముతకగానే ఉంటుంది, పైగా కురుమలు నేసిన తర్వాత చింతగింజల గంజి పట్టిస్తారు, ఆ బిరుసు అందుకే. వానలో కప్పుకున్నా నీళ్లు జారిపోతాయి, తడి పీల్చుకున్నా ఒంటికి చల్లగా తగలదు, గొర్రెలకాపరి దాన్ని భుజాన్నుంచి దించడు. లోపల ఒక పాత కాటన్ దుప్పటి వేసుకుని దానిపైన గొంగడి కప్పుకో, గుచ్చుకోదు. ఎండకేసి బాగా దులుపు, చలికాలం అయ్యాక ఎండు వేపాకు మధ్యలో పెట్టి మడిచిపెట్టు, పురుగు పట్టదు.