పరుగెత్తే ముందు ఐదు నిమిషాలు

అమ్మలూ,

వచ్చే ఆదివారం దొడ్డబళ్లాపురం వైపు, దాచిపెట్టిన రేడియో ట్రాన్స్‌మిటర్లను వెతికి పట్టుకునే ఫాక్స్ హంట్‌కి పేరిచ్చానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నా మనసంతా అక్కడే ఉంది. ఫోన్లో చెబుతుంటే బస్సు వచ్చిందని మధ్యలో పెట్టేశావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. శనివారం రాత్రి ఒకసారి, పొద్దున దారిలో ఇంకోసారి చదువుకో.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. స్టార్ట్ ఇవ్వగానే పరుగెత్తకు. ఐదు ట్రాన్స్‌మిటర్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద, వంతులవారీగా, ఒక్కోటి ఒక్క నిమిషం పలుకుతాయి. చుట్టు పూర్తి కావడానికి ఐదు నిమిషాలు. నాలుగడుగులు పక్కకు జరిగి, ఆ ఐదు నిమిషాలూ నిలబడి, ఐదింటి దిక్కులూ చూసుకుని మ్యాపు మీద ఐదు గీతలు గీసుకో. పక్కవాళ్లు అప్పటికే చెట్ల మధ్య మాయమైపోయి ఉంటారు. టెన్షన్ వస్తుంది, కాళ్లు ఆగవు. అయినా ఆగాలి. మొదట వినిపించినదాని వెంట పడి పోయినవాళ్లు గంట తర్వాత అదే దారిలో వెనక్కి రావడం నేను ఎన్నోసార్లు చూశాను.

చుక్కలు, గీతల మోర్స్ కోడ్ ఇంకా పూర్తిగా రాలేదని భయపడకు. ప్రతిదీ M, O అక్షరాలతో మొదలవుతుంది, అంటే ఐదు గీతలు: డా డా, డా డా డా. ఆ తర్వాత వచ్చే చుక్కలు లెక్కపెడితే చాలు. ఒక చుక్క అయితే మొదటిది, ఐదు చుక్కలైతే ఐదోది. చుక్కలేమీ లేకుండా వట్టి MO వినిపిస్తే అది ఫినిష్ దగ్గర దారి చూపే బీకన్, అది వేరే ఫ్రీక్వెన్సీ మీద ఆగకుండా పలుకుతూనే ఉంటుంది. అంతర్జాతీయ నియమాల ప్రకారం స్టార్ట్‌కి 750 మీటర్ల లోపు ఏ ట్రాన్స్‌మిటరూ పెట్టరు, ఒకదానికీ ఇంకోదానికీ కనీసం 400 మీటర్ల దూరం ఉంటుంది. మీ నిర్వాహకులు అవే పాటిస్తున్నారా అని ముందే అడుగు. పాటిస్తుంటే మ్యాపు మీద స్టార్ట్ చుట్టూ ఒక వలయం గీసుకుని, దాని లోపల ఒక్క క్షణం కూడా వెతకకు.

ఇక యాంటెన్నా. పీవీసీ పైపుకి స్టీలు టేపు ముక్కలు బిగించి నువ్వే చేసుకున్నావని విని ఎంత సంతోషపడ్డానో! 145 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు, అందుకే టేపు ముక్కలు ఇంచుమించు మీటరు పొడవుంటాయి. అన్నిటికన్నా పొడుగుది వెనక, పొట్టిది ముందు. కంగారులో తిరగేసి పట్టుకునేవాళ్లను చూశాను, పొట్టి ముక్క చివర్న ఎర్ర టేపు చుట్టుకో. ట్రాన్స్‌మిటర్ల యాంటెన్నాలు అడ్డంగా ఉన్నాయో నిలువుగా ఉన్నాయో కూడా అడుగు. అవి ఎలా ఉంటే నీ టేపు ముక్కలు కూడా అలాగే ఉండాలి, లేకపోతే సిగ్నల్ బాగా పడిపోతుంది. చెప్పకపోతే మణికట్టు తిప్పి చూడు, ఎటు తిప్పితే పెరుగుతుందో నీకే తెలుస్తుంది.

హ్యాండీలో, అంటే నీ చేతి రేడియోలో, బలహీనమైన సిగ్నళ్లను వినపడనీయని స్క్వెల్చ్ పూర్తిగా తెరిచేయి, బ్యాటరీ సేవర్ ఆపేయి. ఇంకొక్క సంగతి, చాలామంది ఇక్కడే పొరబడతారు: ఎఫ్ఎంలో శబ్దం గట్టిగా వినిపించినంత మాత్రాన సిగ్నల్ బలంగా ఉన్నట్టు కాదు. చెవిని కాదు, సిగ్నల్ బలం చూపే మీటరును నమ్ము. మీటరు గరిష్ఠానికి వెళ్లే వైపు వెడల్పుగా ఉంటుంది, ఇరవై ముప్పై డిగ్రీలు తిప్పినా పెద్దగా తేడా కనపడదు. అందుకని ఎడమవైపు ఎక్కడ పడిపోవడం మొదలైందో, కుడివైపు ఎక్కడ పడిపోయిందో చూసి, ఆ రెంటి మధ్య దిక్కును తీసుకో.

దిక్సూచి చూసేటప్పుడు హ్యాండీని, యాంటెన్నాను చేతి దూరానికి జరిపేయి. హ్యాండీ స్పీకర్‌లో అయస్కాంతం ఉంది, టేపు ముక్కలేమో స్టీలు. రెండూ ముల్లును లాగేస్తాయి. ఐదు డిగ్రీలు తప్పితే రెండు కిలోమీటర్ల దూరంలో దాదాపు 175 మీటర్లు పక్కకు వెళ్లిపోతావు. దట్టమైన నీలగిరి తోటలో అంత తేడా అంటే పెట్టె దగ్గర పెట్టిన జెండా కంటికి కూడా ఆనదు.

ఇప్పుడు రామనగరలో నాకు జరిగింది చెబుతాను. నువ్వు వెళ్లే వైపు కూడా రాతిగుట్టలు ఉన్నాయి కాబట్టి ఇది నీకు తప్పకుండా పనికొస్తుంది. నాలుగో ట్రాన్స్‌మిటర్ ఒక పెద్ద గుండు వైపు నుంచి గట్టిగా వస్తోంది. నలభై నిమిషాలు ఆ గుండు చుట్టూ తిరిగాను. ఎండకు బండ కాలిపోతోంది, చెయ్యి పెట్టడానికి లేదు. ప్రతి చుట్టులోనూ దిక్కు మారిపోతోంది, ఒకసారి బండ ఎడమ అంచు, ఇంకోసారి కుడి అంచు. మీటరు మాత్రం ఒక్క గీత కూడా పెరగడం లేదు. అసలు పెట్టె నా వెనక, చెరువు కట్ట దిగువన కొబ్బరి తోటలో ఉంది. బండ ఆ సిగ్నల్‌ను అద్దంలా నా వైపు తిప్పికొట్టింది. గుండు ఎదురుగా దిగువన నిలబడ్డ నాకు అసలు సిగ్నల్‌కు చెరువు కట్ట అడ్డం, బండ మీద పడింది మాత్రం నేరుగా వచ్చేది.

ఆ రోజు నాకు మూడే దొరికాయి. కానీ గుర్తుపట్టడం అక్కడే నేర్చుకున్నాను. నిజమైన సిగ్నల్ వైపు వంద మీటర్లు నడిస్తే మీటరు పెరుగుతుంది, పక్కకు నడిస్తే దిక్కు మెల్లగా, పద్ధతిగా మారుతుంది. తిరిగొచ్చిన సిగ్నల్ అయితే దిక్కు గెంతుతుంది, లేదా రెండు వైపుల నుంచీ సమానంగా వస్తుంది. అనుమానం వస్తే పల్లంలో నిలబడకు. కట్టో దిబ్బో ఎక్కి మళ్లీ చూడు. రెండు చోట్ల నుంచి గీసిన గీతలు దాదాపు లంబకోణంలో ఒకదాన్నొకటి కోస్తే ఆ చోటు నమ్మొచ్చు. కత్తెర మూసినట్టు సన్నగా కలిస్తే నమ్మకు, ఇంకో చోటికి జరిగి మూడో గీత గీయి.

దగ్గరికి వెళ్లాక ఇంకో చిక్కు. మీటరు ఎటు తిప్పినా నిండుగానే ఉంటుంది. అప్పుడు సిగ్నల్ బలం తగ్గించే అటెన్యుయేటర్ పెట్టు. నా దగ్గరున్నది లోపల 4 మెగాహెర్ట్జ్ తరంగాలు పుట్టించే ఆసిలేటర్ ఉన్న రకం. వచ్చే సిగ్నల్‌ను 4 మెగాహెర్ట్జ్ పైకీ కిందికీ జరుపుతుంది, ఎంత బలంగా జరపాలో నాబ్ తేలుస్తుంది. ట్రాన్స్‌మిటర్ 145.500లో ఉంటే నువ్వు 149.500లో వినాలి. మీటరు సగానికి దిగేదాకా నాబ్ తగ్గిస్తూ, నడుస్తూ, మళ్లీ తగ్గిస్తూ వెళ్లు. ఆ పెట్టె మొరాయిస్తే యాంటెన్నా తీసేసి, హ్యాండీని ఛాతీకి ఆనించి నెమ్మదిగా చుట్టూ తిరుగు. ఎక్కడ సిగ్నల్ అన్నిటికన్నా తక్కువైందో, ట్రాన్స్‌మిటర్ సరిగ్గా నీ వీపు వెనక ఉన్నట్టు. మన ఒళ్లే అడ్డుగోడ.

యాభై అడుగుల్లో ఉండగా ట్రాన్స్‌మిటర్ మూగబోతుంది. ఇంకో నాలుగు నిమిషాలు పలకదు. తప్పక జరిగేదే ఇది, గాభరా పడకు. చివరి దిక్కులో దూరంగా ఒక చెట్టును గుర్తుపెట్టుకుని దాని వైపే నడుస్తూ కళ్లతో వెతుకు. పొదల చాటున, రాళ్ల వెనక చిన్న జెండా. అక్కడ చేరినట్టు గుర్తుగా పంచ్ కొట్టుకో. పంచ్ మర్చిపోతే దొరికినా దొరకనట్టే.

ఎక్కువ పట్టినవాళ్లే ముందుంటారు, సమానమైతేనే టైమ్ చూస్తారు. కానీ ఇచ్చిన సమయం దాటిపోతే పట్టినవన్నీ వృథా. నాలుగు దొరికి అరగంటే మిగిలితే ఐదోదాన్ని వదిలేసి ఫినిష్‌కి వచ్చేయి.

పొలాల సంగతి. గట్టు లేని పాత బావులు గడ్డి కప్పేసి ఉంటాయి, మీటరు చూస్తూ నడవకు, ఆగి చూడు. రాగి చేలో అడుగు పెట్టకు, గట్టు మీదే వెళ్లు, ఎంత చుట్టైనా సరే. రైతు ఆపితే ముందు యాంటెన్నా దించి నమస్కారం పెట్టు. నీకు వచ్చిన కన్నడం సరిపోతుంది, ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లూ చాలామందే ఉంటారు. పోటీ అని వివరంగా చెప్పు, పెట్టె చూశారా అని మాత్రం అడగకు. చీలమండ దాటే బూట్లు, మందపాటి ప్యాంటు, రెండు లీటర్ల నీళ్లు. నిర్వాహకుల నంబరు కాగితం మీద రాసి పెట్టుకో.

శుక్రవారం సాయంత్రం ఇంటికి రా, అటెన్యుయేటర్ తీసుకెళ్దువు. కొత్త 9 వోల్టుల బ్యాటరీ వేసి ఉంచుతాను. దాని మీద స్విచ్ ఉంది కానీ లైటు లేదు, వాడగానే ఆపేయి, లేకపోతే మూడో ట్రాన్స్‌మిటర్ దగ్గరికి వెళ్లేదాకా బ్యాటరీ ఊరికే ఖర్చవుతుంది. చీకటి పడేదాకా మేడ మీద నా చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని కాసేపు ప్రాక్టీస్ చేద్దాం. అత్తయ్య పులిహోర చేస్తానంది.

ఆశీస్సులతో,
మామయ్య