ఫ్లాప్ లివర్ బరువుగా ఉందని లింకేజీ మార్చెయ్యొచ్చా?

సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల చిన్న విమానంలో ఫ్లాప్ (ల్యాండింగ్ కోసం కిందికి దించే, రెక్క వెనక అంచున ఉండే పలక) లివర్ లాగాలంటే చేయి నొప్పెడుతోంది, లింకేజీలోని బెల్‌క్రాంక్‌కి (లివర్ లాగుడుని ఫ్లాప్ రాడ్‌కి అందించే ఆర్మ్‌కి) ఇంకో బెజ్జం వేసి తేలిక చేసుకోవచ్చా అని అడిగారు.

వెయ్యొద్దు. కనీసం ఇది పూర్తిగా చదివేదాకా డ్రిల్లింగ్ మిషన్ ముట్టుకోవద్దు.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా (ఇంజిన్ కాక విమానం బాడీ పనిచూసే మెకానిక్‌గా) చేసి, ఇప్పుడు ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురంలో ఉంటున్నాను. ఇక్కడ మన తెలుగువాళ్ల రైస్ మిల్లులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక మిల్లు వాళ్ల అబ్బాయి కిట్ తెప్పించుకుని, పాత గోడౌన్‌లో మైక్రోలైట్ (బాగా తేలికైన చిన్న విమానం) కడుతున్నాడు. నన్ను బాబాయ్ అంటాడు. పని మీద శ్రద్ధ ఉన్న పిల్లాడే, కానీ తొందర ఎక్కువ. లివర్ బరువుగా ఉందని వాడికీ అనిపించింది. ఏదో వీడియో చూసి ఒక్క ఆదివారంలో మార్చేశాడు. సోమవారం నాకు చూపించాడు.

వాడి విమానంలో లివర్ ఒక అడ్డ గొట్టాన్ని తిప్పుతుంది. ఆ గొట్టం రెండు చివర్లా చెరో ఆర్మ్, ఒక్కో ఆర్మ్ నుంచి ఫ్లాప్‌కి ఒక రాడ్. ఆర్మ్ మీద బెజ్జం గొట్టం మధ్య నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో ఉండేది. వీడు 40కి తెచ్చాడు. లివర్ కాస్త తేలికైన మాట నిజమే. కానీ ఫ్లాప్ దిగడం ఐదో వంతు తగ్గిపోయింది. 40 డిగ్రీలు దిగాల్సింది 32 దగ్గరే ఆగింది. అదైనా రెండు వైపులా ఒకేలా ఉందా అంటే, లేదు. చేత్తో పట్టుకుని వేసిన బెజ్జాలు కదా, కుడి వైపుది 42 దగ్గర పడింది. అంటే కుడి ఫ్లాప్ ఎడమ దానికంటే డిగ్రీన్నర ఎక్కువ దిగుతుంది.

నాకు అసలు భయం వేసింది వేరే దానికి. బెజ్జం వెనక్కి జరిగేసరికి ఫ్లాప్ మూసినప్పుడు రాడ్ పొడవు చాల్లేదు. అందుకని రాడ్ ఎండ్‌ని (రాడ్ గొట్టం కొసలోకి మరతో ఎక్కే, లోపల గుండు ఉన్న కన్ను) మర తిప్పి బయటికి లాగాడు, ఏడు మిల్లీమీటర్లు. పావు అంగుళం ఫైన్ త్రెడ్‌లో అంగుళానికి 28 మరలుంటాయి, అంటే ఎనిమిది మరల పట్టు పోయినట్టే. రాడ్ గొట్టం పక్కన సన్న బెజ్జం ఒకటి ఇచ్చేది, లోపల మర చాలినంత ఉందో లేదో చూసుకోడానికే. అందులోకి తీగ దూరిస్తే అడ్డు తగలాలి. నేను దూర్చిన తీగ అటు పక్కదాకా వెళ్లిపోయింది. చెక్ నట్ (రాడ్ ఎండ్ తిరిగిపోకుండా బిగించే నట్టు) మాత్రం గట్టిగా బిగించి ఉంది. పైనుంచి చూస్తే ఏ లోపమూ కనపడదు.

చెబితే వాడు నమ్మలేదు. "గట్టిగానే ఉంది కదా బాబాయ్, ఊపి చూశాను" అన్నాడు. సరే, చూద్దామన్నాను. బస్తాలు ఎత్తే చైన్ పుల్లీ దూలానికి ఉంది, కొక్కెం కాటా ఉంది. వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి ఫ్లాప్ పూర్తిగా దించమన్నాను. ఎడమ ఫ్లాప్ వెనక అంచు కింద గుడ్డ చుట్టిన చెక్క పెట్టి, గాలి నెట్టినట్టు పైకి లాగడం మొదలుపెట్టాను. పది కిలోలు, పన్నెండు, పదిహేను. పద్దెనిమిది దగ్గర టప్‌మని రాడ్ ఊడొచ్చింది. ఎడమ ఫ్లాప్ ఎగిరి రెక్కకి అంటుకుంది. కుడిది దిగే ఉంది. లివర్ మాత్రం చివరి గాడిలోనే ఉంది, వాడి చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

ల్యాండింగ్‌కి వస్తూ నేలకి వంద అడుగుల ఎత్తులో ఇదే జరిగితే విమానం ఒక పక్కకి తిరగబడుతుంది. ఎయిలెరాన్‌తో (విమానాన్ని పక్కలకి వంచే, రెక్క కొస దగ్గరి పలకతో) ఆపగలమో లేదో తేల్చుకునే టైం ఉండదు. వాడికి చెప్పక్కర్లేకపోయింది. దిగి, గోడకి ఆనుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

ఈ వీడియోల మీద నాకు చాలా కోపం ఉంది. అవి అమెరికా వాళ్లకి సరిపోవచ్చు. అక్కడ తన విమానం తనే కట్టుకున్నవాడు దాన్ని తనిఖీ చేసుకునే సర్టిఫికెట్ కూడా తెచ్చుకోవచ్చు. అడగడానికి పక్కనే అనుభవం ఉన్నవాళ్లుంటారు. ఇక్కడ డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి లేకుండా ఎగరడానికి లేదు, మార్పులు కూడా వాళ్లకి చెప్పే చెయ్యాలి. మనకి దగ్గర్లోనే సునాబెడలో 1960ల నుంచి మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు తయారవుతున్నాయి. అయినా ఈ జిల్లాలో ఒక పిల్లాడికి చెక్ నట్ ఎందుకో చెప్పే చోటు లేదు. ఇంకోటి, బోల్టులు. హార్డ్‌వేర్ షాపులో తళతళలాడే బోల్టు కొని కంట్రోల్ లింకేజీలో పెట్టొద్దు. తిరిగే జాయింట్‌కి లోపల నైలాన్ రింగు ఉన్న లాక్ నట్ చాలదు, గాడుల నట్టు పెట్టి స్ప్లిట్ పిన్ వెయ్యాలి. రాడ్ ఎండ్ పక్కన పెద్ద వాషర్ ఉంటే, లోపలి గుండు ఊడినా రాడ్ జారిపోదు.

ఇంతకీ లివర్ ఎందుకు బరువెక్కిందో చెప్పలేదు. అడ్డ గొట్టాన్ని పట్టుకునే నైలాన్ బ్లాకులు మూడూ ఒక వరసలో లేవు. మధ్యది కాస్త పక్కకి ఉండి గొట్టాన్ని బిగించేస్తోంది. సన్న రేకు పెట్టి సరిచేశాం. పాత కొలతతో కొత్త ఆర్మ్‌లు వేశాం. 14 కిలోలు లాగిన లివర్ 9కి వచ్చింది.

మీది నేల మీద తేలికగానే ఉండి గాల్లో మాత్రమే బరువనిపిస్తే, తప్పు సాధారణంగా లింకేజీది కాదు, మీ స్పీడుది. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర ఉన్న బరువు 140 దగ్గర రెట్టింపవుతుంది. ఫ్లాప్ దించకూడని వేగంలో మీ చేతిని ఆపేది ఆ బరువే. దాన్ని తీసేసుకోవద్దు.

ముందు విమానం షెడ్‌లో ఉండగా లివర్ కొసకి కొక్కెం కాటా తగిలించి, ఒక్కో గాడికి ఎన్ని కిలోలు లాగుతోందో రాసుకోండి. తర్వాత రెండు రాడ్లూ విప్పేసి లివర్ మళ్లీ లాగండి. ఆ రెండు లెక్కలూ ఇక్కడ పెట్టండి, అప్పుడు చెబుతాను.