తల్లి తెలుగు, తండ్రి యూదు: మా అబ్బాయి ఏ పంక్తిలో కూర్చోవాలి?

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై రెండేళ్లుగా షికాగో శివార్లలో ఉంటున్నాము. మావారు అమెరికన్ యూదులు. మా అబ్బాయికి పదమూడో ఏట రిఫార్మ్ అనే ఉదారవాద శాఖ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరంలో) బార్ మిట్స్‌వా, అంటే మగపిల్లలు మతపరంగా పెద్దవారయ్యే వేడుక, చేశాము. నిరుడు ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. యూదు విద్యార్థుల శుక్రవారం విందుకు (వారి విశ్రాంతి దినం ఆ సాయంత్రమే మొదలవుతుంది) ఒకసారి వెళ్తే, పక్కన కూర్చున్న విద్యార్థి ‘మీ అమ్మగారు కూడా యూదులేనా?’ అని అడిగాడట. మళ్లీ ఆ గడప తొక్కలేదు. తెలుగు సరిగా రాక భారతీయ విద్యార్థుల సంఘంలోనూ ఇమడలేదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తే గదిలో ఒంటరిగానే ఉంటున్నాడు. ఇంటర్న్‌షిప్‌ల వేట మొదలయ్యే ఈ ఏడాది వాణ్ణి ఎటు నడిపించాలి? — ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందుగా ఆ ప్రశ్న సంగతి చూద్దాము. అడిగిన కుర్రవాడికి మర్యాద తెలియకపోయి ఉండవచ్చు గానీ, అతను ఆ ప్రశ్నను సొంతంగా కల్పించలేదు. సంప్రదాయ యూదు ధర్మశాస్త్రం ప్రకారం యూదుత్వం తల్లి ద్వారా సంక్రమిస్తుంది. ఆర్థొడాక్స్, కన్సర్వేటివ్ శాఖలు నేటికీ ఆ నియమాన్నే పాటిస్తున్నాయి. అమెరికాలోని రిఫార్మ్ రబ్బీలు (మతగురువులు) మాత్రం తల్లిదండ్రులలో ఎవరు యూదులైనా, బిడ్డ బార్ మిట్స్‌వా వంటి క్రతువుల ద్వారా బహిరంగంగా ఆ మతాన్ని స్వీకరించి పెరిగితే, యూదుగానే పరిగణించాలని 1983లో తీర్మానించారు. అంటే మీ అబ్బాయి ఒక లెక్కలో సంపూర్ణంగా యూదు, మరో లెక్కలో కాడు. ఇది అతను పుట్టకముందే మొదలైన తగవు. అతనిలోని లోపం కాదు. అయితే ఈ మాట అతనికి చెప్పవలసింది మీరు కాదు, మీవారు. తల్లి చెబితే ఓదార్పుగా వినిపిస్తుంది. తండ్రి చెబితే వారసత్వంగా వినిపిస్తుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలన్న విషయం. అమెరికా విశ్వవిద్యాలయాలలో యూదు విద్యార్థుల ప్రధాన సంస్థ హిల్లెల్. ఇది 1923లో మీ రాష్ట్రంలోనే, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. తన యూదు విద్యార్థులకు సొంత మతం గురించి అంతగా తెలియదని బాధపడి దాని కోసం పట్టుబట్టినవారిలో ఒక క్రైస్తవ ఆచార్యుడు ఉండడం నాకు ఎప్పుడూ ముచ్చట గొలిపే విషయం. హిల్లెల్‌లో అన్ని శాఖలవారికీ చోటు ఉంటుంది. ఆర్థొడాక్స్ వర్గానికి చెందిన ఛబాద్ సంస్థ నడిపే ఇళ్ల పద్ధతి వేరు. అక్కడ ఒక రబ్బీ దంపతులు తమ ఇంటి భోజనాల బల్ల దగ్గరికే విద్యార్థులను పిలుస్తారు. భోజనానికి ఎవరైనా వెళ్లవచ్చు గానీ, సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమందిని లెక్కించేటప్పుడు మాత్రం పాత నియమమే వర్తిస్తుంది. అందువల్ల మీ అబ్బాయి హిల్లెల్‌లోని రిఫార్మ్ ప్రార్థనతో మొదలుపెట్టడం మేలు. ఛబాద్‌కు ఈ సంగతి తెలుసుకుని అతిథిగా వెళితే మనసు నొచ్చుకోదు.

మరో ముఖ్యమైన మాట: అతను విందుకు కాక, పనికి వెళ్లాలి. పెళ్లింట్లో పంక్తిలో కూర్చున్నవాణ్ణి ‘ఎవరి తాలూకు?’ అని అడుగుతారు గానీ, వడ్డించేవాణ్ణి ఎవరూ అడగరు. శుక్రవారం విందు కోసం హల్లా అనే జడ రొట్టెలకు పిండి కలపాలి, అల్లాలి, బల్లలు సర్దాలి, సూర్యాస్తమయానికి ముందే కొవ్వొత్తులు సిద్ధం చేయాలి. ఇలాంటి పనులకు చేతులు ఎప్పుడూ తక్కువే. నాలుగు వారాలు వరుసగా పిండి కలిపినవాడిని పేరు పెట్టి పిలుస్తారు. మీరు పులిహోర చేసి పంపుదామనుకుంటే మాత్రం ఆగండి. కోషెర్ (యూదు ఆహార నియమాలు పాటించే) వంటశాలలోకి ఇంటి వంటను సాధారణంగా అనుమతించరు. మాంసానికీ పాలకూ పాత్రలు సైతం వేరుగా ఉంచే చోటది. అయితే పులిహోరలో మాంసమూ లేదు, పాలూ లేవు గనుక అది రెండు రకాల భోజనాలలోనూ ఇమిడిపోతుంది. ఏ సరుకులు వాడవచ్చో నిర్వాహకులను అడిగి, అతనే అక్కడ వండవచ్చు. ఇంగువ పొడిలో తరచుగా గోధుమపిండి కలుస్తుంది కాబట్టి అలాంటి పిండి నిషిద్ధమైన పస్కా పండుగ రోజులలో ఆ ప్రయత్నం వద్దు.

సెలవుల విషయంలో ముందుచూపు అవసరం. మన అధికమాసం వలెనే యూదు పంచాంగంలోనూ 19 ఏళ్లలో 7 సార్లు అదనపు నెల వస్తుంది. అందుకే పండుగల తేదీలు ఏటా మారుతుంటాయి. రోష్ హషానా (యూదు కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త ఉపవాస దినం) సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో, అంటే సరిగ్గా కంపెనీలు ఉద్యోగ మేళాలకూ ఇంటర్వ్యూలకూ వచ్చే సమయంలో పడతాయి. సెమిస్టరు మొదటి రెండు వారాలలోనే ఆచార్యులకు, ఇంటర్వ్యూ తేదీ రాగానే కంపెనీకి రెండు వాక్యాల ఈమెయిల్ పంపితే చాలు. క్షమాపణలు, సంజాయిషీలు అక్కరలేదు.

బయోడేటాలో ఈ సంఘం పేరు రాయవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఉద్యోగాలలో మత వివక్షను 1964 నాటి పౌరహక్కుల చట్టం నిషేధించింది కనుక నిస్సంకోచంగా రాయవచ్చు. అయితే సభ్యుడనని రాస్తే ప్రయోజనం లేదు. వారం వారం విందుకు పేర్లు నమోదు చేసే చిన్న ప్రోగ్రామ్ రాశాననో, కోశాధికారిగా లెక్కలు చూశాననో రాస్తే ఇంటర్వ్యూలో మాట్లాడడానికి విషయం దొరుకుతుంది. పరిచయాల కోసమే చేరడం మాత్రం నేను ప్రోత్సహించను. ఎదుటివారు అది ఇట్టే పసిగడతారు.

2023 అక్టోబరు తరువాత అమెరికా క్యాంపస్‌లలో ఇజ్రాయెల్, గాజాల గురించి వాదాలు వేడెక్కాయి, యూదు విద్యార్థుల మధ్య కూడా. మీ అబ్బాయి మొదటి నెలలోనే ఏదో ఒక పక్షం వహించాల్సిన అవసరం లేదు.

తెలుగువాడు యూదు ఎలా అవుతాడని ఎవరైనా ఆశ్చర్యపోతే, మీ గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే సమాజం ఉందనీ, తెలుగు మాట్లాడే ఆ కుటుంబాలకు సొంత సినగాగ్ ఉందనీ చెప్పమనండి. వారి యూదుత్వం మీదా చర్చ ఉంది. అయినా వారు శుక్రవారం ప్రార్థన మానలేదు.

మీరు చేయవలసిన పని ఒక్కటే మిగిలింది. శుక్రవారం సాయంత్రపు ఫోన్‌ను గురువారానికి మార్చుకోండి.