మీ వంటిల్లు, మీ ప్రశ్నలు: ఒకే ట్యాప్‌లో రెండు నీళ్లా?

ప్రశ్న: మాది బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర అపార్ట్‌మెంట్ అండి, కిచెన్ మొత్తం మళ్లీ చేయిస్తున్నాం. మామూలు నీళ్లూ ఫిల్టర్ నీళ్లూ ఒకదాంట్లోంచే వచ్చే త్రీ వే ట్యాప్ పెట్టిద్దామని మావారు ఒకటే పట్టు. మా అత్తయ్యేమో బోరు నీళ్లు వచ్చే గొట్టంలోంచే తాగే నీళ్లు కూడా వస్తే ఇంక ఫిల్టర్ ఎందుకు దండగ అంటున్నారు. గోడకి ఆర్‌ఓ ఫిల్టర్ మిషను ఆల్రెడీ ఉంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: అత్తయ్యగారి అనుమానం తీసిపారేసేది కాదు. సరైన త్రీ వే ట్యాప్‌లో ఫిల్టర్ నీళ్లకి లోపల వేరే సన్న ట్యూబ్, వేరే లివర్, చివర నీళ్లు పడేచోట కూడా వేరే రంధ్రం ఉంటాయి, కాబట్టి కలవవు. చవకవాటిలో మూతి ఒకటే పెట్టేస్తారు, అప్పుడు బోరు నీళ్ల బొట్లు కొన్ని గ్లాసులోకి వస్తాయి. షాపులో మూతి విప్పి చూపించమనండి, మొహమాటం వద్దు.

ఇక మీవారి సంగతి. ట్యాప్ దానంతటది ఏమీ ఫిల్టర్ చెయ్యదు కదా, చేసేది వెనకున్న మిషను. గోడ ఆర్‌ఓలో నీళ్లు ఏడెనిమిది లీటర్ల ట్యాంకులో పడి, కుళాయి తిప్పితే వాటి బరువుకే కిందకి దిగుతాయి. దాన్ని సింక్ ట్యాప్‌కి కలిపారంటే ధార ఎంత సన్నగా వస్తుందంటే చెంబు నిండేలోపు స్టవ్ మీద పాలు పొంగిపోతాయి. ఈ ట్యాప్‌కి కావల్సింది సింక్ కింద పెట్టే, ప్రెజర్ ట్యాంక్ ఉన్న ఆర్‌ఓ. ఆ ట్యాంకులో రబ్బరు సంచికి అవతల గాలి ఉంటుంది, నీళ్లు నిండేకొద్దీ గాలి నొక్కుకుపోతుంది, ట్యాప్ తిప్పగానే అదే నీళ్లని పైకి తోస్తుంది, కరెంటు పోయినా ట్యాంకులో ఉన్నంతవరకు వస్తాయి. కాబట్టి కార్పెంటర్ కింద కబోర్డ్ బిగించకముందే అక్కడ ప్లగ్ పాయింటు, డ్రెయిన్ లైను, ఒక యాంగిల్ కాక్ (గోడలోంచి వచ్చే నీళ్లని కట్టే చిన్న వాల్వు) ఎక్స్‌ట్రాగా పెట్టించండి.

అసలు ఆర్‌ఓ కావాలా అన్నది కూడా చూసుకోండి. మీ సంపులో కావేరీ ఎంత, బోరు ఎంత, ట్యాంకర్ ఎంత అన్నది ఎండాకాలంలో ఒకలా వానాకాలంలో ఒకలా ఉంటుంది, అందుకని టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, ఒక్కసారి చూసి వదిలెయ్యొద్దు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లైతే ఇంకో లాభం ఉందిలెండి, ఉప్పు నీళ్లలో మొండికేసే కందిపప్పు ఫిల్టర్ నీళ్లలో చక్కగా ఉడుకుతుంది, కుక్కర్ నేరుగా ట్యాప్ కిందే పెట్టేయొచ్చు.

ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి లోహాన్ని మెల్లగా తింటాయి. సీసం కలిసిన ఇత్తడి కాకుండా 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాపే తీసుకోండి, రాత్రంతా ట్యూబులో నిలిచిన నీళ్లు పొద్దున్నే ఒక గ్లాసు వదిలేసి తాగండి. నాకు నచ్చనిది ఒకటుంది. గోడ ఆర్‌ఓ వేస్ట్ నీళ్లు బకెట్లో పడుతుంటే కళ్లకి కనపడతాయి, ఇల్లు తుడుస్తాం, సింక్ కిందదైతే లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు చప్పుడు లేకుండా డ్రెయిన్‌లోకి పోతాయి. 2024 ఎండాకాలంలో నీటి కరువు చూసిన ఊళ్లో ఇది మనసొప్పదు, ఆ పైపు యుటిలిటీలో డ్రమ్ముకి లాగించండి.

నన్నడిగితే త్రీ వే కన్నా, గ్రానైట్‌లో చిన్న రంధ్రం పెట్టించి ఫిల్టర్ నీళ్లకి విడిగా ఒక సన్న ట్యాప్ బిగించుకోవడం మేలు. చవక, అత్తయ్యగారికీ నిశ్చింత, పెద్ద ట్యాప్ కారిందని ప్లంబర్ వచ్చేదాకా తాగే నీళ్లు ఆగవు. మీవారికి ఆ ఒంపు తిరిగిన పెద్ద ట్యాపే కావాలంటే సరే, కానీ ముందు మిషను మార్చండి. పాత గోడ ఆర్‌ఓ ఉంచి ట్యాప్ ఒక్కటే కొనడం మాత్రం వద్దు.

ప్రశ్న: మేం మారతహళ్లిలో పైఅంతస్తులో అద్దెకుంటున్నాం, ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. ట్యాప్ మూతికే తగిలించే చిన్న ఫిల్టర్లు పనికొస్తాయా?

జవాబు: క్లోరిన్ వాసన, మట్టి, తుప్పు వరకు పనికొస్తాయండి, టీడీఎస్ తగ్గదు. బోరు నీళ్లైతే దాన్ని నమ్ముకుని తాగొద్దు, క్యాన్ తెప్పించుకోండి. పైగా మీ నెత్తిమీదే ట్యాంకు, నీటి మట్టం ట్యాప్‌కి మూడు మీటర్ల ఎత్తులో ఉంటే వచ్చే ప్రెజర్ 0.3 బారే, ఫిల్టర్ తగిలిస్తే ధార ఇంకా సన్నబడుతుంది. కొనేముందు మీ ట్యాప్ మూతికి లోపల మరా బయట మరా అన్నది ఒకసారి చూసుకుని వెళ్లండి.