స్కడ్ లారీలు ఎందుకు దొరకలేదు?

ప్రశ్న: 1991 గల్ఫ్ యుద్ధం అప్పుడు మా పెదనాన్న సౌదీలోని దమ్మాంలో పని చేసేవారు. "ఆకాశం నిండా అమెరికా విమానాలే, అయినా రాత్రయితే సైరన్ మోగేది" అని ఇప్పటికీ చెప్తుంటారు. అన్ని విమానాలు ఉండి కూడా, ఇరాక్ స్కడ్ మిసైళ్లను మోసుకొచ్చి పేల్చే నాలుగు లారీలను పట్టుకోలేకపోయారా?
- ఒక పాఠకుడు, రాజంపేట

జవాబు: పట్టుకోలేకపోయారండీ. యుద్ధం అయ్యాక అమెరికా వైమానిక దళమే చేయించిన అధ్యయనం ఈ మాట ఒప్పుకుంది. స్కడ్‌ల మీద దాదాపు 1,500 దాడులు చేశారు, కానీ విమానాలు కనీసం ఒక్క మొబైల్ లాంచర్‌నైనా, అంటే మిసైల్‌ని మోసి పేల్చే లారీనైనా, ధ్వంసం చేశాయనడానికి తిరుగులేని ఆధారం దొరకలేదు.

గురి తప్పడం కాదు, అసలు కనిపెట్టడమే సమస్య. పగలంతా ఆ ఎనిమిది చక్రాల లాంచర్ హైవే కింద కల్వర్టులోనో, ఏదో షెడ్డులోనో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి, మిసైల్‌ని నిలబెట్టి, పేల్చి, పది నిమిషాల్లోపే అక్కడి నుంచి జారుకుంటుంది. మిసైల్ లేచినప్పటి మంటను ఉపగ్రహం చూస్తుంది, నిజమే, కానీ ఆ కబురు పైలట్ దాకా వచ్చి, విమానం తిరిగి, కింద చీకట్లో వెతికేసరికి అక్కడ టైర్ల గుర్తులే మిగులుతాయి. ఇరాకీలు రేడియోలు కూడా కట్టేశారు కాబట్టి వినడానికీ ఏమీ లేదు. దీనికి తోడు దూరం నుంచి చూస్తే అసలుదేదో నకిలీదేదో తెలియని డమ్మీ లాంచర్లు పెట్టారు. రాత్రిపూట వేడిని పట్టి చూపే ఇన్‌ఫ్రారెడ్ తెరమీద ఆయిల్ ట్యాంకర్ అయినా లాంచర్ అయినా పొడవాటి వేడి మచ్చే! జనవరి 30న అక్కడి అమెరికా సేనల అధిపతి జనరల్ ష్వార్జ్‌కాఫ్ పత్రికల వాళ్లకు "స్కడ్‌లను కొట్టాం" అంటూ వీడియో చూపిస్తే, అవి ట్యాంకర్లని తర్వాత సీఐఏ విశ్లేషకులే అన్నారు. గాల్లో కాపలా తిరుగుతున్న విమానాలకు లాంచర్లు కంటపడింది మొత్తం 42 సార్లు. వాటిలో బాంబు వేయగలిగేంత స్పష్టంగా గుర్తుపట్టింది 8 సార్లే.

అలాగని అంతా వృథా అనను. తలమీద విమానాలు, ఇరాక్ పడమటి ఎడారిలో బ్రిటన్ ఎస్‌ఏఎస్, అమెరికా డెల్టా అనే కమాండో దళాలు తిరుగుతుంటే స్కడ్ సిబ్బందికి తీరిగ్గా గురిచూసే వీలుండదు కదా. మొదటి వారం తర్వాత ప్రయోగాలు బాగా తగ్గాయి. చివర్లో మళ్లీ కాస్త పెరిగాయనుకోండి. ఇంకో సంగతి, స్కడ్‌లు తన మీదా పడుతుంటే ఇజ్రాయెల్ సహనం కోల్పోయి యుద్ధంలోకి దిగితే, అరబ్ దేశాలు ఇరాక్ మీద పోరాడే కూటమిలో ఉండవేమోనని వాషింగ్టన్‌కు పెద్ద టెన్షన్. ఈ వేటలో సగం ఆ టెన్షన్ కోసమే జరిగిందని నా అభిప్రాయం.

ప్రశ్న: దమ్మాం పక్కనే ధహ్రాన్‌లో మిసైల్ పడి సైనికులు చనిపోయారట. వచ్చే మిసైళ్లను గాల్లోనే కూల్చే పేట్రియట్ ఉండి కూడా ఎందుకు ఆపలేదు?
- అదే పాఠకుడు

జవాబు: ఫిబ్రవరి 25న అమెరికన్ బ్యారక్ మీద పడింది, 28 మంది పోయారు. అక్కడి పేట్రియట్ బ్యాటరీని ఆపకుండా 100 గంటలకు పైగా నడిపారు. దాని కంప్యూటర్ సెకనులో పదో వంతు చొప్పున టైమ్ లెక్కపెట్టేది, ఆ లెక్కలో రవ్వంత తేడా ఉంది. గంటలు గడిచేకొద్దీ అది పేరుకుని 0.34 సెకన్లకు చేరింది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఆ టైమ్‌లో స్కడ్ అర కిలోమీటరు దాటి వెళ్తుంది. దాంతో రాడార్ తప్పుడు చోట వెతికి, అక్కడ ఏమీ లేదనుకుని వదిలేసింది. మధ్యమధ్యలో ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి ఉంటే సరిపోయేది! సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది మర్నాడు.

ప్రశ్న: ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి కదా, ఇక లాంచర్లు దాక్కోవడం అయ్యే పనేనా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: గంటల తరబడి ఒకే రోడ్డు మీద చూపు నిలిపే డ్రోన్ 1991లో పైలట్ల దగ్గర లేదు, తేడా అక్కడే. 2025 జూన్‌లో ఇరాన్ మీద ఇజ్రాయెల్ రాడార్లను, వాయు రక్షణను దెబ్బతీసి ఆకాశాన్ని చేజిక్కించుకుంది, దాంతో పాటే లాంచర్ల మీద, మిసైళ్లు దాచిన సొరంగాల నోళ్ల మీద పడింది. పోనుపోను ఇరాన్ ఒక్క విడతలో వదిలే మిసైళ్లు తగ్గాయి, కానీ పన్నెండో రోజు కూడా వస్తూనే ఉన్నాయి. ఆకాశం చేతిలో లేని చోట ఈ పద్ధతి పనికిరాదు.

దాక్కునేవాళ్లూ ఊరుకోలేదు. ఘన ఇంధనం వచ్చాక ఇంధనం నింపే తతంగం, వెనకాల ట్యాంకర్ల వరస రెండూ పోయాయి. 2025 సెప్టెంబర్‌లో మన డీఆర్‌డీఓ అగ్ని-ప్రైమ్ మిసైల్‌ని రైలు మీది లాంచర్ నుంచి ప్రయోగించింది, దాని పరిధి 2,000 కిలోమీటర్ల దాకా. పేల్చే ముందు అది మామూలు గూడ్స్ బండిలా పట్టాల మీద ఎక్కడో ఉంటుంది. మన దేశంలో రోజూ తిరిగే గూడ్స్ బండ్లలో దాన్ని ఏ డ్రోన్ వెతుకుతుంది చెప్పండి?